సంపూర్ణమ్మ రెండో వాంగ్మూలం

తీర్పు నకలులో సంపూర్ణమ్మ గారిని గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం. “మొదట ఒక విధంగా చెప్పి, పదేళ్ళ తరువాత మరొక విధంగా చెప్పిన ఈ సాక్షి మాటను, ప్రయోగశాల నివేదిక బలపరచినంత మేరకే స్వీకరిస్తున్నాము.” న్యాయశాస్త్రం ప్రకారం ఈ వాక్యంలో తప్పు లేకపోవచ్చు. కాని ఆమె 2009లో కన్నుమూసింది. డెబ్భై ఒక్క ఏళ్ళు బతికిన మనిషిని గురించి ప్రభుత్వ రికార్డులో ఆ ఒక్క ముక్కే మిగిలిపోవడం నాకు సమ్మతం కాదు. రెండు వాంగ్మూలాల నకళ్ళూ, నివేదికలూ, ఆమె కొడుకుకి రాయించిన ఉత్తరాల కార్బన్ ప్రతులూ నా దగ్గర ఉన్నాయి. వాటిని ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను.

పాలకొల్లుకు ఆరు మైళ్ళ దూరంలో, కాలువ గట్టు వెంబడి ఉన్న మా కొత్తలంకపాలెంలో ఆమె ఇంటిని మిలటరీ ఇల్లు అనేవారు. మామగారు రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా దాకా వెళ్ళివచ్చిన సిపాయి. భర్త సుబేదారుగా పదవీ విరమణ చేసి, 1984లో గుండెజబ్బుతో పోయారు. ఒక్కగానొక్క కొడుకు బుల్లిరాజు పద్దెనిమిదో ఏట సైన్యంలో చేరి హవల్దారు అయ్యాడు. ఆ ఇంటి వసారా గోడమీద మూడు తరాల మగవాళ్ళు యూనిఫారాలలో వరసగా ఉండేవారు. ఆడవాళ్ళ ఫొటో ఒక్కటీ ఉండేది కాదు. పెళ్ళినాటి నుంచి ఆమె బతుకంతా సెలవుల చుట్టూ తిరిగింది. ఫలానా నెలలో ఆయన వస్తారు, ఫలానా నెలలో అబ్బాయి వస్తాడు అనుకుంటూ, మిగిలిన పది నెలలూ పొలమూ, పాడీ, కొబ్బరితోటా తానే చూసుకునేది. నోరు కాస్త పెద్దది. పనివాళ్ళను తిట్టకుండా పని చేయించుకునేది కాదు, మజ్జిగ ఇవ్వకుండా పంపేదీ కాదు.

మూడో తరగతి చదివింది కనుక కూడబలుక్కుని చదవగలదు, రాయలేదు. నేను అప్పుడు మా ఊరి ప్రాథమిక పాఠశాలకు ప్రధానోపాధ్యాయుణ్ణి. ఆదివారం పూట ఇన్లాండు ఉత్తరం పట్టుకుని మా ఇంటికి వచ్చేది. ఆమె చెప్పేది, నేను రాసేవాణ్ణి. ఎవరికి ఏది రాసిపెట్టినా కింద కార్బన్ కాగితం పెట్టడం నా అలవాటు.

1993 సెప్టెంబరు 12 నాటి ప్రతి ఇప్పుడు నా ఎదురుగా ఉంది. ఆ రోజు సంభాషణ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

“కోడలు బాగానే ఉందని రాయండి మాస్టారూ. ఆగండాగండి. బాగానే ఉందంటే మరీ బాగుందనుకుంటాడు. ఏదో ఉంది అని రాయండి.”

“ఏదో ఉంది అంటే బాగోలేదనుకుంటాడండీ.”

“అనుకోనివ్వండి. ఓ మాటు వచ్చి చూసి వెళతాడు. ఇంకా రాయండి. నీ పెళ్ళానికి నవ్వెక్కువ. పాలవాడితోనూ నవ్వే, కొబ్బరి దింపుకొచ్చిన లాజరుతోనూ నవ్వే. నువ్వొచ్చి ఒకసారి మందలించి వెళ్ళు.”

“ఈ ముక్క అవసరమాండీ?” అని అడిగాను.

“అత్తగారినండీ నేను. ఆ మాత్రం రాయకపోతే నాకు ఒంట్లో బాగోలేదనుకుంటాడు.”

ఇద్దరం నవ్వుకున్నాం. నేను రాశాను. ఆ వాక్యం ఆమెది, అక్షరాలు నావి.

ఆ కోడలి పేరు సత్యవేణి. ద్రాక్షారామం దగ్గరి పల్లెటూరి పిల్ల. పెళ్ళయి రెండేళ్ళు, వయసు ఇరవై రెండు. నిజంగానే నవ్వెక్కువ. నవ్వు నోటికి రాకముందే ఆమె భుజాలు కదిలేవి. అత్తగారు తిడుతుంటే తల వంచుకుని భుజాలు కదుపుతూ ఉండేది, ఆ తిట్టే ఆమే చివరికి నవ్వేసి లోపలికి పోయేది. వాళ్ళిద్దరికీ పడలేదని ఎవరైనా అంటే అది అబద్ధం. ఉత్తరంలో రాయించిన ఫిర్యాదు, అత్తగారి హోదాను నిలబెట్టుకోవడానికి మన ఇళ్ళల్లో ఎవరైనా చేసే ఫిర్యాదే.

నవంబరులో బుల్లిరాజు రెండు నెలల సెలవుమీద వచ్చాడు. అదే నెల ఇరవై రెండో తేదీ, కార్తీక సోమవారం. సంపూర్ణమ్మ గారు క్షీరారామలింగేశ్వరుని అభిషేకానికి పొద్దున్నే పాలకొల్లు వెళ్ళింది. ఇంటి పెరట్లో కొబ్బరికాయలు దింపడానికి లాజరు వచ్చాడు.

లాజరు మా ఊరి పడమటి పేటలో ఉండేవాడు. అప్పటికి ముప్ఫై ఎనిమిదేళ్ళు. పద్నాలుగో ఏట నుంచి చెట్లెక్కుతున్నవాడు. ఆదివారం లూథరన్ చర్చిలో డోలక్ వాయించేవాడు. భార్య ఏసమ్మ వరినాట్లకు వెళ్ళేది. కూతురు దీవెన నా బడిలో రెండో తరగతి. ఆ పూట పదిగంటల వేళ గెల కోస్తుండగా కత్తి జారి లాజరు అరచెయ్యి తెగింది. కిందికి దిగేసరికి రక్తం ధారగా కారుతోంది. సత్యవేణి పసుపు అద్ది, తన పాత చీర అంచు చింపి కట్టు కట్టింది. కుట్లు వేయించుకోవడానికి అతను పొరుగూరి ఆర్.ఎం.పి. డాక్టరు దగ్గరకు వెళ్ళాడు. సాయంత్రం వచ్చి మిగిలిన చెట్లు దింపుతానని చెప్పి, కత్తినీ, చెట్టెక్కే తాడైన మోకునూ చెట్టు మొదట్లోనే వదిలి వెళ్ళాడు.

మధ్యాహ్నం మూడు దాటాక సంపూర్ణమ్మ గారి కేక వినిపించి మేమంతా పరుగెత్తాం. సత్యవేణి పెరటి వసారాలో, కాయల గుట్ట పక్కన పడి ఉంది. మెడకు మోకు బిగించి ఉంది. పోలీసులు వచ్చిన కాసేపటికి, ఏమీ తెలియని లాజరు చేతికి తెల్లటి కట్టుతో తన పనిముట్ల కోసం నడుచుకుంటూ ఆ గుంపులోకే వచ్చాడు. అంతే. మళ్ళీ ఇంటికి వెళ్ళలేదు.

ఆ కేసు ఎలా కట్టారో చెబుతాను. వసారా గట్టుమీద లాజరు రక్తం ఉంది. ఉండదా మరి? మోకు అతనిది, కత్తి అతనిది. మృతురాలి చీర పీలిక అతని ఇంట్లో దొరికింది. కట్టు కట్టిన దయ కాస్తా నేరానికి రుజువైపోయింది. ఆమె గోళ్ళలో ఇరుక్కున్న చర్మపు పొరలోని రక్తం ‘బి’ గ్రూపు, లాజరుదీ ‘బి’ గ్రూపు. మన ప్రాంతంలో ప్రతి ముగ్గురిలో ఒకరికి అదే గ్రూపు. నాదీ అదే. భర్తదీ అదే. సైనికుడి గుర్తింపు కార్డుమీద రక్తం గ్రూపు రాసే ఉంటుంది. తీసి చూడాలని ఆ ఇన్‌స్పెక్టరుకు తోచలేదు. మిలటరీ ఇల్లు గనుక అతను బుల్లిరాజుకు కుర్చీ వేయించాడు. లాజరును మాత్రం నేలమీద కూర్చోబెట్టాడు. దర్యాప్తు సగం అక్కడే ముగిసింది.

1995 మార్చిలో సెషన్సు కోర్టులో సంపూర్ణమ్మ గారు రెండో సాక్షి. ఆమె మొదటి వాంగ్మూలం నాలుగు వాక్యాలు. “నేను గుడి నుంచి మూడు గంటలకు వచ్చాను. కోడలు చనిపోయి ఉంది. అప్పటికి ఇంట్లో ఎవరూ లేరు. నా కొడుకు నరసాపురం నుంచి నా తరువాత వచ్చాడు.” బుల్లిరాజు కూడా అదే చెప్పాడు. పొద్దున తొమ్మిదింటికి ఇల్లు విడిచానని, ఆ తరువాత భార్యను ప్రాణంతో చూడలేదని, కనీసం ముట్టుకోలేదని చెప్పాడు. లాజరుకు యావజ్జీవ శిక్ష పడింది. అతన్ని రాజమండ్రి సెంట్రల్ జైలుకు తీసుకువెళ్ళారు.

ఆ తరువాతి సంవత్సరాలలో సంపూర్ణమ్మ గారిలో మార్పు వచ్చింది. ఊరంతా అది కోడలు పోయిన దిగులనుకుంది. పనివాళ్ళను తిట్టడం మానేసింది. పేట వైపు దారి ఉన్నా చుట్టూ తిరిగి చెరువుగట్టు మీదుగా వెళ్ళేది. బుల్లిరాజు, భార్య పెద్దదినం కర్మ కాగానే వెళ్ళిపోయినవాడు, సాక్ష్యానికి తప్ప ఊరికి రాలేదు. మళ్ళీ పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. ఉత్తరాలు వచ్చేవి. ఆమె చత్వారం అద్దాలు పగిలినప్పుడల్లా నా చేత చదివించుకునేది. ప్రతి ఉత్తరం చివరా ఒక ముక్క ఉండేది. లాజరు కూతురు బడికి వస్తోందా, మాస్టారిని అడిగి రాయించు.

“ఎంత పెద్ద మనసండీ మీ వాడిది,” అన్నాను ఒకసారి.

ఆమె ఉత్తరాన్ని నా చేతిలోంచి లాక్కున్నట్టే తీసుకుంది. “చాలండి. మిగతాది నేను చదువుకుంటాను.”

ముప్ఫై ఎనిమిదేళ్ళు బడిపిల్లల ముఖాలు చదివి బతికినవాణ్ణి. ఆ ముఖం చదవలేకపోయాను.

1998 ఫిబ్రవరిలో ఉత్తరాది కొండల్లో మంచుచరియ విరిగిపడి బుల్లిరాజు చనిపోయాడు. దహనం అక్కడే జరిగింది. ఊరికి వచ్చింది ఒక చిన్న కలశం. ఊరు ఊరంతా కదిలి దాన్ని వశిష్ఠ గోదావరిలో కలిపి వచ్చింది. ఆనాడు ఆమె ఏడవలేదు. సుబేదారు గారి ఇల్లాలు గుండె దిటవుగల మనిషని మెచ్చుకున్నారు.

కేసు మళ్ళీ తెరుచుకోవడానికి కారణం ఒక ఆలస్యం. లాజరు జైలు నుంచి పెట్టుకున్న అప్పీలు ఏ బల్లమీద పడి ఉన్నదో, 2003 దాకా పై కోర్టులో విచారణకే రాలేదు. నిర్దోషి ఎనిమిదేళ్ళు ఎదురుచూడడం ఎంత దుర్మార్గమో చెప్పనక్కరలేదు. కాని అప్పీలు తేలలేదు గనుకనే, గోళ్ళ కత్తిరింపులున్న సీలు వేసిన కాగితపు పొట్లాన్ని కోర్టు తగలబెట్టలేదు. ఉచిత న్యాయసహాయం కింద లాజరు తరఫున వచ్చిన కిరణ్ కుమార్ అనే కుర్ర లాయరు ఆ పొట్లం సంగతి పట్టుకున్నాడు. డి.ఎన్.ఏ. పరీక్ష చేయించాలని పట్టుబట్టి ఉత్తరువు తెచ్చాడు.

2004 డిసెంబరులో హైదరాబాదు ప్రయోగశాల నివేదిక వచ్చింది. గోళ్ళలోని చర్మం లాజరుది కాదు, మరో మగవాడిది. ఈ మాటతో జైలు తలుపు తెరుచుకుంటుందని నేను అమాయకంగా అనుకున్నాను. ప్రభుత్వ న్యాయవాది ఒప్పుకోలేదు. ఆ మరో మనిషి లాజరుకు తోడు వచ్చినవాడు కావచ్చు కదా అన్నాడు. ఎవరిదో తేలాలి. భర్తదేమో చూద్దామంటే అతని శరీరం లేదు. తల్లి రక్తం అడిగారు. ఆమె నరసాపురం ఆసుపత్రికి వెళ్ళి ఇచ్చి వచ్చింది. ఆ చర్మం ఆమె కడుపున పుట్టినవాడిది అయి ఉండవచ్చును, కాని తండ్రి నమూనా కూడా లేకుండా తల్లి రక్తం ఒక్కదానితో గట్టిగా చెప్పలేము అని జవాబు వచ్చింది. మళ్ళీ అంతా ఆగిపోయింది.

2005 జూన్‌లో ఒక మధ్యాహ్నం ఆమె మా ఇంటికి వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నేలమీద కూర్చుని, కొంగు ముడి విప్పి, ఒక వెండి తాయెత్తును నా ముందు పెట్టింది. పసిపిల్లల మొలతాడుకు కట్టేది.

“ఇందులో వాడి బొడ్డుందండి మాస్టారూ.”

బిడ్డకు బొడ్డు ఊడిపడినప్పుడు దాన్ని ఎండబెట్టి, తాయెత్తులో పెట్టి మొలకు కట్టడం మన తల్లులు చేసే పనే. బిడ్డ ఎదిగాక తీసి పెట్టెలో దాచుకుంటారు. బుల్లిరాజుది నలభై ఏళ్ళుగా ఆమె పెట్టె అడుగున ఉంది. ఆ సంగతి ఏ లాయరుకూ తెలియదు, ఏ కోర్టూ అడగలేదు. ఆమె నోరు మెదపకపోతే లోకంలో మరెవరికీ తెలిసేది కాదు.

“వాడి ఒంట్లోది ఏదైనా ఉందా అని ఆ లాయరబ్బాయి అడిగాడంట కదండి. ఇది పనికొస్తుందా?”

“పనికి రావచ్చండి. కానీ ఇది ఇస్తే ఏం తేలుతుందో తెలుసా మీకు?”

“నాకు తెలిసిందే తేలుతుందండి.”

అప్పుడు చెప్పింది. ఆమె చెప్పినది చెప్పినట్టు ఆ సాయంత్రమే రాసి పెట్టుకున్నాను.

“నేను గుడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరన్నది అబద్ధమండి. వాడు నూతి దగ్గర తలమీద నీళ్ళు పోసుకుంటున్నాడు. బట్టలు బకెట్లో నానుతున్నాయి. ఏంట్రా ఈ వేళప్పుడు స్నానం అన్నాను. మైలమ్మా అన్నాడు. ఏం మైలరా అన్నాను. సత్యవేణి పోయింది, నేను ముట్టుకున్నాను అన్నాడు. నేను లోపలికి పరిగెత్తాను. చూశాను. మళ్ళీ నూతి దగ్గరికి వచ్చాను. ముంజేతి మీద గోళ్ళ గీతలు ఉన్నాయి. వాడు నా ముఖం చూడలేదండి. లాజరుగాడి చెయ్యి పట్టుకుంది, నేను చూశాను అన్నాడు. నువ్వు రాసింది నిజమేనమ్మా అన్నాడు.”

నేను లేచి మంచినీళ్ళు ఇచ్చాను. తాగలేదు.

“శవం లేవకుండా ఎవరన్నా స్నానం చేస్తారాండి? దహనం అయ్యాక కదా మైల కడుక్కునేది. పెళ్ళాం అక్కడ పడుంటే ఊళ్ళోకి పరిగెత్తి అరుస్తాడు గాని నీళ్ళు పోసుకుంటాడా ఎవడైనా? ఆ క్షణాన్నే తెలిసిపోయిందండి నాకు. తెలిసి కూడా నేనేం చేశానో తెలుసా? ఆ బకెట్లో బట్టలు నేనే జాడించి ఆరేశాను. నేను ఇప్పుడే వచ్చానని చెప్పమ్మా అన్నాడు. అలాగేరా అన్నాను. అప్పుడు అరిచానండి. మీరంతా విన్న కేక, అది.”

ఇన్‌స్పెక్టరు ఆ తడి బట్టలు చూశాడు. చావు జరిగిన ఇంట్లో తడి బట్టలు ఆరేసి ఉండడం అతనికి సహజంగానే తోచింది. మాకూ అంతే. మైల అనే మాట మన కళ్ళను అంతగా కప్పుతుంది. శవం ఇంట్లో ఉండగానే ఆ బట్టలు ఎందుకు తడిశాయని, తరతరాలుగా ఈ ఆచారాలు పాటిస్తున్న మాలో ఒక్కరం అడగలేదు.

నేను బీరువా తెరిచి సెప్టెంబరు నాటి కార్బన్ ప్రతిని ఆమెకు చూపించాను. ఇందులో నా పాపమూ ఉంది అన్నాను. ఆమె అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది.

“మీరు అవసరమా అని అడిగారండి. నేనే రాయమన్నాను. మీది కాదులెండి,” అని మడిచి ఇచ్చేసింది.

ఇంతకాలం ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు. ఆమే అన్నది. “వాడు బతికుండగా వాడికి ఉరి అవుతుందని చెప్పలేదు. పోయాక, పోయినవాడి పేరెందుకు చెరపాలని చెప్పలేదు. మొన్న రక్తం తీసుకున్నప్పుడు ఆ నర్సు చెయ్యి పట్టుకుని, భయపడకు మామ్మా, చిన్న పోటే అంది. అక్కడ ఆ పోటుకు కూడా నాకు కట్టు కట్టారండి. ఇంటికొచ్చి రాత్రికల్లా ఆ కట్టు ఊడదీసి పారేశాను. ఒంటిమీద ఉంచుకోలేకపోయాను.”

మర్నాడు కిరణ్ కుమార్ వచ్చాడు. విని, చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు.

“మామ్మగారూ, మీకో మాట చెప్పాలండి. అప్పుడు అబద్ధం చెప్పానని కోర్టులో ఒప్పుకుంటే మీమీద కేసు పెట్టొచ్చు. జైలు కూడా పడొచ్చు.”

“పడనివ్వండి బాబూ. జైల్లో వండి పెడతారంట కదా. ఇక్కడ ఒక్కదాని కోసం పొయ్యి వెలిగించలేక చస్తున్నాను.”

సంగతి బయటికి పొక్కింది. ఆమె మరిది లోవరాజు, సైన్యం నుంచి నాయక్‌గా వచ్చినవాడు, ఇద్దరు బంధువులను వెంటబెట్టుకుని వచ్చి వసారాలో నిలబడ్డాడు. నేను ఆ సమయంలో అక్కడే ఉన్నాను.

“వదినా, వాడు పోయి ఏడేళ్ళయింది. మళ్ళీ చంపుతావా?”

“కూర్చో లోవరాజూ. మజ్జిగ తాగుతావా?”

“మజ్జిగ కాదు, మాట కావాలి. ఆ పేటవాడి కోసం ఇంటి పేరు బజార్న పెడతావా? రేపు మా పిల్లల్ని సైన్యంలోకి పంపాలంటే ఏ ముఖం పెట్టుకుని పంపాలి? మాస్టారూ, మీరైనా చెప్పండి. చదువుకున్నోళ్ళు కదా, ఇదేనా ఆడమనిషికి మీరు నేర్పేది?”

“ఆయన్ని అనకు. ఆయన రాయమన్నది రాస్తారు, అంతే,” అంది ఆమె. “నువ్వు చెప్పు లోవరాజూ. సత్యవేణి ఈ ఇంటి మనిషి కాదా? ఆ పిల్లని చంపినవాడి పేరు దాచి, దాన్ని ఇంటి పరువు అనుకుంటూ పన్నెండేళ్ళు అన్నం తిన్నాను. ఇంక దిగటం లేదు.”

వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ గుమ్మం మళ్ళీ ఎన్నడూ తొక్కలేదు.

అదనపు సాక్ష్యం నమోదు చేయమని పై కోర్టు కింది కోర్టును ఆదేశించింది. 2005 సెప్టెంబరులో సంపూర్ణమ్మ గారు అదే హాలులో, అదే బోనులో రెండోసారి నిలబడింది. ఈసారి వాంగ్మూలం తొమ్మిది పేజీలు. తాయెత్తును తెరిచి చూసి సీలు వేశారు. ఆ సమయంలో ఆమె కళ్ళు మూసుకుంది. ప్రభుత్వ న్యాయవాది లేచాడు.

“అప్పుడు ప్రమాణం చేసి ఒకటి చెప్పారు. ఇప్పుడు ప్రమాణం చేసి ఇంకోటి చెబుతున్నారు. ఏది నమ్మమంటారమ్మా?”

“అప్పుడు చెప్పింది మీ అందరికీ నచ్చింది బాబూ. అందుకని నమ్మేశారు. ఇది ఎవరికీ నచ్చదు. నాకూ నచ్చలేదు.”

“కొడుకు మీద మీకు కోపం ఏమైనా ఉందా?”

“లేదండి. ఇవాళ కూడా లేదు. అదే నా బాధ.”

న్యాయమూర్తి రాసుకుంటున్నవారు తల ఎత్తి చూశారు. ఆ జవాబు నకలులో లేదు. నేను విన్నాను కనుక ఇక్కడ రాస్తున్నాను.

భోజన విరామంలో కోర్టు వసారాలో ఏసమ్మ ఎదురైంది. జుట్టు పూర్తిగా నెరిసింది. పక్కన దీవెన, అప్పటికి పెళ్ళికెదిగిన పిల్ల. సంపూర్ణమ్మ గారు ఆగింది.

“ఏసమ్మా,” అంది.

“చెప్పారంట కదండి అమ్మగారూ. లోపలి నుంచి వినపడింది.”

“చెప్పానే.”

“మా ఆయనకి ఇప్పుడు రెండు మోకాళ్ళూ వాచిపోయాయండి. మెట్లెక్కడానికి గోడ పట్టుకుంటాడు. చెట్లు కాదు, మెట్లు.” ఏసమ్మ గొంతు పెరగలేదు. “నాలుగేళ్ళ కిందట చెప్పినా ఎక్కేవాడేమో. నేను మీ వరిచేలో కలుపు తీశానండి, ఆ పన్నెండేళ్ళూ. మీరు గట్టుమీద నిలబడి మజ్జిగ పోయించేవారు. తాగాను. తాగకపోతే పనికి పిలవరు కదండి.”

“నన్ను తిట్టవే.”

“తిడితే మీకు తేలికవుద్దండి. నేను తిట్టను.” కూతురి భుజం పట్టుకుని ఏసమ్మ మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ మాటకు సంపూర్ణమ్మ గారు నొచ్చుకోలేదు. బస్సులో తిరిగి వస్తూ, “సరిగ్గా చెప్పింది కదండీ,” అని మాత్రం అంది.

ప్రయోగశాల తాయెత్తులోని దానికీ, గోళ్ళలోని చర్మానికీ పూర్తిగా సరిపోయిందని తేల్చింది. భార్యను ముట్టుకోలేదన్న బుల్లిరాజు వాంగ్మూలం దానితో అబద్ధమైంది. 2006 మార్చిలో పై కోర్టు లాజరును నిర్దోషిగా విడుదల చేసింది. పన్నెండేళ్ళ నాలుగు నెలలు. ఆ కాలానికి ఎవరూ క్షమాపణ చెప్పలేదు. ఆ ఇన్‌స్పెక్టరు అప్పటికే పదోన్నతులు పొంది పదవీ విరమణ చేశాడు. తీర్పులో అతని పేరు కూడా లేదు. అబద్ధం చెప్పిన ముసలామెను తప్పుపట్టడానికి కలం ఆడింది. కుర్చీ వేసి కూర్చోబెట్టి, బుల్లిరాజు కార్డు తిప్పి చూడని అధికారిని తప్పుపట్టడానికి ఆడలేదు. వయసును బట్టి ఆమెపై చర్య అవసరం లేదని కోర్టు వేరే ఉత్తరువులో వదిలేసింది. ఆ ముక్క చదివి వినిపిస్తే, “అదీ లేకుండా చేశారా,” అన్నది.

లాజరు ఊరికి వచ్చిన రోజు ఆమె తలుపు తీయలేదు. అతనూ ఆ ఇంటివైపు రాలేదు. మిలటరీ ఇంటికి పనివాళ్ళు రావడం తగ్గింది. బంధువులు పెళ్ళిళ్ళకు పిలవడం మానేశారు. వసారా గోడమీది కొడుకు ఫొటోను ఆమె తియ్యలేదు. దాని పక్కన మేకు కొట్టించి, పెళ్ళినాటి గ్రూపు ఫొటోలోంచి పెద్దది చేయించిన సత్యవేణి బొమ్మ పెట్టించింది. ఆ గోడమీద అదే మొదటి ఆడమనిషి ఫొటో.

ఆ ఏడు సెప్టెంబరులో, మహాలయ అమావాస్యకు నన్ను తోడు రమ్మంది. సత్యవేణికి పిల్లలు లేరు. పుట్టింట్లో మిగిలినవాళ్ళు లేరు. పదమూడేళ్ళలో ఆ పిల్ల పేరున ఎవరూ నీళ్ళు వదలలేదు. ఇద్దరం పొద్దున్నే బయలుదేరి రాజమండ్రిలో కోటిలింగాల రేవుకు వెళ్ళాం. వరద నీరు ఎర్రగా, మెట్ల మీదకు వచ్చి ఉంది. రేవంతా జనం. ఒక నడివయసు పురోహితుడు దర్భలు సర్దుతూ అడిగాడు.

“ఎవరికమ్మా?”

“నా కోడలికండి.”

గోత్రం చెప్పింది. పేరు చెప్పింది.

“ఎవరి భార్య అని చెప్పాలి కదమ్మా. ఆయన పేరు?”

వెనక జనం తోసుకుంటున్నారు. పురోహితుడు నా వైపు చూశాడు. అది నేను చెప్పవలసిన పేరు కాదు.

“ఆ పేరు లేకుండా చెయ్యరాదాండి?” అంది చివరికి.

“పేరు లేకపోతే ఎలాగమ్మా?”

“బుల్లిరాజండి,” అంది.

ఆయన మంత్రం చదివి నువ్వులూ నీళ్ళూ వదిలాడు. పళ్ళెం తుడుచుకుంటూ మామూలుగా, “ఆయన కూడా పోయారా అమ్మా? పనిలో పని, వారికీ వదిలేయమంటారా?” అని అడిగాడు.

ఆమె నీటివైపు చూసింది. నువ్వులు కొన్ని ఇంకా మెట్టు దగ్గరే సుడి తిరుగుతున్నాయి.

“వదలండి. వాడికి మాత్రం ఇంకెవరున్నారు? కాకపోతే కాస్త ఆగండి బాబూ. ఆ పిల్లకి వదిలినవి ముందు దూరంగా వెళ్ళిపోనివ్వండి.”